గోపాల్‌పూర్ హోటల్ కథలో తెలుగువాళ్లు ఏరీ?

ఒడిశాలోని గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఒక పాత హోటల్ ఉంది. దాని గురించి ఎక్కడ చదివినా కథ ఒకటే. ఇటలీ నుంచి వచ్చిన సిన్యోర్ మాగ్లియోని అనే ఆయన 1914లో పామ్ బీచ్ హోటల్ కట్టించాడు. కలకత్తా దొరలు, కంపెనీ ఉద్యోగులు ఎండలు తప్పించుకోవడానికి వచ్చి దిగేవారు. 1947లో ఒబెరాయ్ కొన్నాడు. ఇప్పుడు మేఫెయిర్ హోటళ్ల కంపెనీ చేతిలో ఉంది. మన దేశంలో తొలి బీచ్ రిసార్టు ఇదేనని కూడా చెప్పుకుంటారు. ఇంతే, నూరేళ్లు అయిపోయాయి. ఇందులో ఒక్క తెలుగువాడు లేడు. నా బాధంతా దాని గురించే.

నాది అనంతపురం. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు. ఎక్కడో ఒడిశాలో ఉన్న హోటల్ గొడవ నీకెందుకురా అని స్నేహితులు అడిగారు. నాకే కాదు, మనందరికీ కావాలనే నేనంటాను. కాస్త ఓపిగ్గా చదవండి.

భువనేశ్వర్ నుంచి బెంగళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ మా ఊళ్లో ఆగుతుంది. మావాళ్లకు అది పుట్టపర్తి బండి. అదే బండిని ఎదురు దిక్కులో ఎక్కితే గుత్తి, డోన్, నంద్యాల దాటి, నల్లమలలో నుంచి గుంటూరు చేరి, అక్కణ్ణుంచి తీరం వెంబడి పైకి పోయి బరంపురంలో దించుతుంది. మా బంధువు ఒకాయన అక్కడ ఉద్యోగం చేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో వాళ్లింటికి పోయాం. బరంపురంలో ఆటో దగ్గర్నుంచి ఇడ్లీ బండి దాకా తెలుగు వినిపిస్తుంది. మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టింది ఆ ఊళ్లోనే. అక్కణ్ణుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కిలోమీటర్లు.

బీచ్‌లో పిల్లలు నీళ్ల దగ్గరికి పరిగెత్తారు. ఒక ముసలాయన ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి వాళ్లకూ నీళ్లకూ మధ్య నిలబడ్డాడు. నల్లటి సన్నటి మనిషి, మోకాళ్ల పైకి కట్టిన పంచె. మేము తెలుగు మాట్లాడుకోవడం విని, "ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు. అనంతపురం అంటే, "పుట్టపర్తి దగ్గరే కదా బాబూ" అన్నాడు. తర్వాత నన్నూ మా పెద్దవాణ్ణీ నీళ్లలోకి తీసుకుపోయాడు.

ఆ తీసుకుపోవడం ఎలాగో చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దానిమీదే నిలబడుతుంది. ఆయన నా వేళ్లు పట్టుకోలేదు, మణికట్టు పట్టుకున్నాడు. తడి వేళ్లు జారిపోతాయి, మణికట్టు జారదు. "ఎదురుగా నిలబడకు బాబూ, పక్కకి తిరుగు. కాలు తొక్కిపట్టు" అన్నాడు. అల మన పొట్టకు తగిలితే పడేస్తుంది, భుజానికి తగిలితే చీలిపోతుంది. అక్కడ అల దూరంగా విరిగి నురగై మెల్లగా ఒడ్డుకు రాదు. మన ముందుకొచ్చి, లేచి, ఒక్కసారిగా కూలుతుంది. కూలిన నీళ్లు వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింది ఇసుకను తోడుకుపోతాయి. అసలు ప్రమాదం అప్పుడే. ఆయన అలను చూడటం లేదు, దాని వెనక వచ్చే అలను చూస్తున్నాడు. "ఇది చిన్నది, ఉండు. ఎనకది వత్తంది... ఒంగు!" అనగానే మేము ఒంగాం, అల మా తలలమీద నుంచి పోయింది. లేచేసరికి మణికట్టు ఆయన చేతిలోనే ఉంది.

ఒడ్డుకొచ్చాక మాటల్లో పడ్డాం. వాళ్లది చేపలు పట్టే కుటుంబం. వాళ్ల తాతలు ఓడలకు పడవలు నడిపారు. "రంగం ఓడలు బాబూ" అన్నాడు. ఆ వైపు పాతకాలపువాళ్లు రంగూన్‌ను అలాగే అంటారు. ఆయన వేలు చూపించిన వైపు, ఇసుకలో పాత రేవు తాలూకు స్తంభాలు మొండిగా నిలబడి ఉన్నాయి.

గోపాల్‌పూర్ ముందు రేవు, తర్వాతే విడిది. హోటల్ కథ చెప్పేవాళ్లు దీన్ని ఒక విశేషణంలా వాడి వదిలేస్తారు. కానీ అది ఎలాంటి రేవో తెలిస్తేగానీ హోటల్ అక్కడ ఎలా సాధ్యమైందో అర్థం కాదు. ఓడ వచ్చి గట్టుకు ఆనుకునే రేవు కాదది. ఓడ దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డుకూ ఓడకూ మధ్య, ఇందాక చెప్పానే, ఆ విరిగే అలల వరసలు. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ అలల్లో నేలకు కొట్టుకుంటే పగిలిపోతుంది. అందుకని ఈ తీరంలో పలకల్ని కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన పడవలు వాడేవాళ్లు. అవి దెబ్బ తగిలినప్పుడు కొంచెం వంగి, మళ్లీ సర్దుకుంటాయి. మద్రాసు నుంచి గంజాం (బరంపురం, గోపాల్‌పూర్ ఉన్న జిల్లా) దాకా ఓడ సరుకు దింపాలన్నా, దొర దిగాలన్నా ఆ పడవలే దిక్కు. ఆ పడవలు నడిపినవాళ్లు ఈ తీరంలో ముఖ్యంగా తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలారులు. వాళ్లను అక్కడ నోలియాలు, నులియాలు అంటారు.

ఈ విద్య ఎంత పెద్దదో ఒక్క సంగతి చాలు. 1866 ఒరిస్సా కరువులో బియ్యం తెప్పించడం ఆలస్యమైంది. తీరా ఓడలు వచ్చేసరికి వానాకాలం ముంచుకొచ్చి, ఆ సముద్రంలో సరుకు ఒడ్డుకు చేర్చడం, అక్కణ్ణుంచి లోపలికి మోయడం గగనమైపోయింది. ఆ కరువులో 10 లక్షల మంది దాకా చనిపోయారని లెక్క. కరువు అంటే ఏమిటో రాయలసీమవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 1876-78 కరువు మా జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. మాకు అప్పుడు వాన లేదు. అక్కడ బియ్యం వచ్చి కూడా, ఒడ్డుకూ ఓడకూ మధ్య ఉన్న నీళ్లు దాటలేకపోయింది. ఆ నీళ్లను మామూలు రోజుల్లో దాటించడమే బతుకుగా ఉన్నవాళ్ల గురించి నేను మాట్లాడుతున్నాను.

ఇంక రంగూన్ సంగతి. 1852లో బ్రిటిష్‌వాళ్లు దిగువ బర్మాను ఆక్రమించాక ఐరావతి డెల్టాలో వరి సాగు విపరీతంగా పెరిగింది. కోతలకు, బియ్యం మిల్లులకు, రేవులో మోతకు మనుషులు కావాలి. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి తెలుగువాళ్లు వేలకు వేలు పోయారు. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. 1930 మేలో అక్కడ తెలుగు రేవు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పని దగ్గర మొదలైన తగువు పెద్ద అల్లర్లయి, ఎందరో తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలా పోయేవాళ్లు ఓడ ఎక్కిన రేవుల్లో గోపాల్‌పూర్ ఒకటి.

ఇప్పుడు 1914ను ఒకసారి ఊహించుకోండి. హోటల్ కొత్తది. రేవు ఇంకా బతికే ఉంది. వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం చూస్తున్న దొరకు ఎదురుగా కనబడేది ఖాళీ సముద్రం అయ్యుండదు. లంగరు వేసిన ఓడ కనబడి ఉండాలి. ఇసుకలో మూటా ముల్లెతో, పిల్లల్ని చంకనేసుకుని వరస కోసం ఎదురుచూస్తున్న మనుషులు కనబడి ఉండాలి. వాళ్లను అలలు దాటించి ఓడకు చేరుస్తున్న పడవవాళ్లు కనబడి ఉండాలి. ఒకే ఒడ్డున, ఒకే ఇసుకలో ఈ రెండూ జరిగాయి. ఒకదాన్ని మనం హోటల్ చరిత్ర అంటున్నాం, రెండోదాన్ని అసలు చెప్పుకోవడమే లేదు.

హోటల్ నడవడానికి రైలు కూడా కావాలి. 1890ల్లో తూర్పు తీరం రైలు మార్గం వేశారు. 1897లో పూరీ దాకా రైలు వచ్చింది. 1900లో గోదావరి మీద రాజమండ్రి దగ్గర వంతెన తయారయ్యాక మద్రాసు, కలకత్తా దగ్గరయ్యాయి. కలకత్తాలో ఉక్కపోతకు ఆగలేనివాళ్లు అప్పటిదాకా డార్జిలింగ్ కొండ ఎక్కేవారు. ఇప్పుడు రాత్రి బండెక్కితే సముద్రం. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ గిరాకీ పసిగట్టి 1925లో పూరీలో సొంతంగా హోటల్ తెరిచింది. బీఎన్ఆర్ హోటల్ అని ఇప్పటికీ పేరు. అక్కడా ఇదే కథ: కంపెనీ పేరు, భవనం వైభవం, సముద్రం గాలి. ఆ హోటల్ ఉన్న చక్రతీర్థం రోడ్డు వెంట ముందుకు పోతే పెంటకోట వస్తుంది. వేలమంది తెలుగు మాట్లాడే జాలర్ల పేట అది. కోసు టోపీ పెట్టుకుని యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నులియాలు పూరీ బొమ్మల్లో, ఫొటోల్లో కనబడతారు. ఫొటోలో టోపీ ఉంటుంది, మనిషి పేరు ఉండదు.

నేను చెప్పేది ఇదీ: ఈ తీరంలో ఎండాకాలం హోటల్ అనేది పెట్టుబడితో, భవనంతో నిలబడలేదు. దొర అక్కడికి వచ్చేది సముద్ర స్నానానికి. ఆ సముద్రంలో ఒంటరిగా దిగితే బతికి రాడు. మణికట్టు పట్టుకునేవాడు లేకపోతే అక్కడ హోటల్ లేదు. కాబట్టి ఆ హోటల్‌ను నిలబెట్టినవాళ్లలో నోలియాలు ఉన్నారు. కూలికి వచ్చినవాళ్లు అనే మాట వాళ్లకు సరిపోదు. హోటల్ అమ్మిన సరుకులో సగం వాళ్ల విద్యే.

దీనికి ఎదురువాదన నాకు తెలుసు. డబ్బు పెట్టింది మాగ్లియోని, నష్టం వస్తే పోయేది ఆయనకే, ఇసుకదిబ్బ మీద హోటల్ కట్టాలన్న ఆలోచన ఆయనది. పనిచేసిన ప్రతివాణ్ణీ చరిత్రలోకి ఎక్కిస్తే తాపీ మేస్త్రీ, వంటవాడు, పంకా లాగినవాడు అందరూ రావాలి కదా అంటారు. మాగ్లియోని గొప్పతనాన్ని నేను తీసేయడం లేదు. పరాయి దేశం నుంచి వచ్చి, అంత దూరంలో, ఆ కాలంలో అలాంటిది మొదలుపెట్టడం తెగువే. వంటవాడు, పంకా లాగినవాడు రావాలన్నా నాకేం అభ్యంతరం లేదు, రానివ్వండి. కానీ తాపీ మేస్త్రీ ఎక్కడైనా దొరుకుతాడు. కలకత్తా నుంచి తెచ్చుకోవచ్చు. ఆ అలల్ని చదవడం వచ్చినవాడు ఆ ఒడ్డున పుట్టి పెరిగినవాడే. హోటల్ రాక ముందు కొన్ని తరాలుగా రేవు పనిలో, తెప్పల మీద వేటలో పదునెక్కిన విద్య అది. మాగ్లియోనికి అది ఖర్చు లేకుండా దొరికింది. వ్యాపారంలో ఇలా ఉత్తినే దొరికినవే చరిత్రలో ముందు మాయమవుతాయి, ఎందుకంటే వాటికి రసీదు ఉండదు.

మా వైపే చూడండి. 1870 ప్రాంతంలో కడప జిల్లాలో పనిచేసిన హార్స్‌లీ దొర ఎండలు భరించలేక మదనపల్లె దగ్గరి కొండమీద ఇల్లు కట్టుకున్నాడు. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలోదే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక అటు పోయింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు తిండి తెచ్చిపెడితే కొండమీద బతికిన మల్లమ్మ, చుట్టుపక్కల జబ్బుపడ్డవాళ్లకు వైద్యం చేసేదని కథ. ఇప్పుడు మా పిల్లలకు హార్స్‌లీ హిల్స్ తెలుసు. కొండ పైకి రాళ్లూ దూలాలూ ఎవరు మోశారు, దొరగారి నీళ్లు ఎవరు ఎక్కించారు అని మనం ఎప్పుడూ అడగలేదు. విడిదికి కట్టించినవాడి పేరు మిగలడం, దాన్ని బతికించినవాళ్ల పేర్లు పోవడం సీమలోనూ జరిగింది. గోపాల్‌పూర్ నాకు పరాయిగా అనిపించకపోవడానికి అదొక కారణం.

రెండో కారణం సరిహద్దు. ఇది నాకు మరీ ముఖ్యం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో ఎక్కువ భాగం, బరంపురం, గోపాల్‌పూర్‌తో సహా అటు పోయింది. శ్రీకాకుళం, టెక్కలి వైపు ఇటు మిగిలింది. భాష లెక్కన చూస్తే ఒడియావాళ్లు కోరుకున్నది న్యాయమే, దాన్ని తప్పుపట్టను. కానీ అటు మిగిలిన తెలుగు జాలర్ల కథకు దిక్కు లేకుండా పోయింది. ఆంధ్ర చరిత్ర రాసేవాళ్లు ఇచ్ఛాపురం దగ్గర కలం ఆపేస్తారు, ఆ తర్వాతది ఒడిశా కదా అని. ఒడిశా చరిత్ర రాసేవాళ్లకు నోలియాలు దక్షిణం నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరికీ వాళ్లు పక్కింటివాళ్లే.

ఈ బాధ అనంతపురం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం మాకు వచ్చాయి. బళ్లారిలో మాకు మేనమామలున్నారు, వియ్యంకులున్నారు. దత్తమండలాల (బళ్లారితో కలిసి ఒకప్పటి మా సీమ జిల్లాల) చరిత్ర బళ్లారి లేకుండా రాస్తే అది సగమే. అయినా చాలామంది అలాగే రాస్తున్నారు. బళ్లారి విషయంలో మనకు తెలిసిన నొప్పి బరంపురం విషయంలో ఎందుకు తెలియడం లేదు?

ఇంకో ముడి ఉంది. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలకు రాయలసీమ అని పేరు పెట్టించిన చిలుకూరి నారాయణరావు గారు సీమ మనిషి కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పినాయన. ఇప్పటి మా ఆర్ట్స్ కాలేజీ అది, 1916లో పెట్టింది. గోపాల్‌పూర్‌లో హోటల్ కట్టిన రెండేళ్లకు. ఆ తీరం మనిషి ఇక్కడికొచ్చి మాకొక పేరిచ్చి పోయాడు. ఆ తీరంలో పేరు లేకుండా పోయినవాళ్ల గురించి మా కాలేజీలో ఒక్క విద్యార్థి అయినా పరిశోధన చేస్తే నాకు చాలా సంతోషం.

తర్వాతి కథ త్వరగా చెప్పేయొచ్చు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. బర్మాలోని మనవాళ్లు లక్షల్లో కాలినడకన అడవులు పట్టి వచ్చారు, దారిలో ఎంతోమంది పోయారు. రంగూన్ రాకపోకలు తెగాక గోపాల్‌పూర్ రేవుకు పని పోయింది. 1947లో హోటల్ ఒబెరాయ్ చేతికి వచ్చేనాటికి పడవవాళ్లకు మిగిలింది వేట, ఎండాకాలంలో యాత్రికులు ఇచ్చే నాలుగు డబ్బులు. అంటే హోటల్ చరిత్రలో కొత్త అధ్యాయం అనుకుంటున్న సంవత్సరాలే వాళ్లకు తరాల వృత్తి పోయిన సంవత్సరాలు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది కూడా గోపాల్‌పూర్ దగ్గరే. తుఫాను వస్తే హోటల్‌కు బీమా ఉంటుంది. తెప్పకు, వలకు ఏముంటుంది?

ఆధారాలు లేవు కదా, ఏం రాస్తాం అనేవాళ్లకు ఒక మాట. ఆధారాలు వెతకాల్సిన చోట వెతకడం లేదు. గోపాల్‌పూర్ అనగానే భువనేశ్వర్ వైపు చూస్తారు. కానీ 1936 దాకా అది మద్రాసు ప్రెసిడెన్సీ. రేవుల పాలన, వలస కూలీల లెక్కలు, పడవవాళ్ల కూలి రేట్లు, మునిగిన పడవలపై విచారణలు లాంటివి చూడాలంటే మొదట పోవాల్సింది చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు. మద్రాసు ప్రభుత్వ కాగితాలు ఉన్నది అక్కడ. అనంతపురం నుంచి అది బరంపురం కంటే చాలా దగ్గర. రెండో చోటు మనుషులు. గోపాల్‌పూర్ పేటలో, పెంటకోటలో, శ్రీకాకుళం తీరం పల్లెల్లో రంగం ఓడల మాటలు తాతల నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో మాట్లాడటానికి దుభాషి అక్కర్లేదు, మన భాషే. అడగాల్సినవి కూడా పెద్ద ప్రశ్నలు కావు: పడవ ఎవరిది, దాన్ని కుట్టింది ఎవరు, ఒక మనిషిని ఓడకు చేరిస్తే ఎంత ఇచ్చేవాళ్లు, అందులో పడవ ఆసామికి ఎంత పోయేది, దొరలకు స్నానం చేయించే పని ఎవరెవరి ఇళ్లకు వంతుగా వచ్చేది, ఆడవాళ్లు హోటల్ వంటింటికి చేపలు ఏ ధరకు అమ్మేవాళ్లు. చరిత్ర శాఖలో చదువుతున్న పిల్లలు ఎవరైనా బయల్దేరతామంటే బరంపురంలో ఉండటానికి చోటు, పేటలో మాట కలపడానికి మనిషి, నేను చూసిపెడతాను.